అమావాస్య నాడు పీకేసిన వైరు

గద్వాల, అమావాస్య రాత్రి

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఇంటర్నెట్. అన్నకో కంప్యూటర్, నాకో కంప్యూటర్. మా మగ్గాల మీద నేసే చీరల అంచులన్నీ నేను గీసినవే. సాయంత్రంలోగా కొత్త అంచు పంపకపోతే ఆర్డర్ ఇంకొకరికి ఇస్తామని హైదరాబాద్ షాపువాళ్లు ముందే చెప్పారు. ఫైలు సగం కూడా వెళ్లకముందే అన్న తన గదిలోంచి అరిచాడు.

"నాయినా, మీటింగ్‌ల నా మాట కట్ అయితుంది! చెల్లె ఏందో పంపుతుంది."

నాయిన లేచొచ్చి రౌటర్ నుంచి నా వైరు పీకేశాడు.

"ఇయ్యాల అమాస. మగ్గం బందు పెట్టినం గద, నీ కంప్యూటర్ గూడ బందు పెట్టు."

"మరి అన్నది?"

"వానిది నౌకరి. నీది మగ్గం పనే గదనే."

అన్న ఏమీ ఎరగనట్టు తలుపేసుకున్నాడు. ఇంట్లో ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు. మిద్దె మీదికెక్కి ఫోన్‌లో పంపేసరికి చీకటి పడింది. షాపువాళ్లు ఇంతవరకు జవాబివ్వలేదు. ఆర్డర్ పోతే రేపు నాయిన మగ్గం మీద ఏం నేస్తాడట? అడగాలని నోటిదాకా వచ్చింది...

మొన్న పక్కింటి అత్త, "నీ బిడ్డ ఏం పని చేస్తది?" అని అడిగితే ఇదే నాయిన, "ఏం పని? ఊకెనే కంప్యూటర్ ముంగట కూసుంటది" అన్నాడు.

ఇవాళ బందు పెట్టించడానికి మాత్రం నాదీ పనే అయింది.