పెత్రమాసకు నీ విస్తట్లో ఏం పెట్టాలి

మల్లయ్యన్నకు, తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్నది.

నువ్వు పోయి ఏడాది దాటింది. ముందు నా కడుపులో మంట చెప్పుకోనీ. యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చిన రోజు, మోండా మార్కెట్లో పదిమంది ముందు నన్ను పిచ్చోడన్నావు. అప్పటినుంచీ మార్కెట్టంతా నన్ను పిచ్చి సాయిలనే పిలుస్తోంది. నువ్వు మరిచిపోయావేమో... నేను మరవలేదు.

నేను చేసిన తప్పేమిటి? అన్నాళ్లు తలుపులేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న జనం ఆ రోజు రోడ్డు మీదికొచ్చారు. మా వాడలో నడవలేని ముసలమ్మలు మేమూ చూస్తామన్నారు. జట్కా కట్టి తీసుకుపోయాను. కిరాయి అడగలేదు. దారంతా నవ్వారు వాళ్లు, ఒకామె పాట కూడా అందుకుంది. తిరిగొచ్చేసరికి నువ్వు గిన్నెల దుకాణం తలుపు సగమే తెరిచి, తాళంచెవి పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉన్నావు.

"దునియంత రోడ్డు మీదున్న రోజు రెండింతల కిరాయి గుంజాలె. నువ్వేమో ముఫత్‌ల తిప్పుతున్నవ్. పిచ్చోడివిర సాయిలూ, సచ్చేదాంక గిట్లనే ఉంటవ్."

సరే. గిట్లనే ఉన్నాను. మరి నీ సంగతేమిటి?

ఊరంతా ఊపిరి పీల్చుకుంటే నీకు కొత్త భయం పట్టుకుంది. హాలీ సిక్కా రూపాయి ఇక చెల్లుతుందా, చెల్లదా? ఇత్తడి ధర పడిపోతుందా? మారేడ్‌పల్లిలో ఇల్లు కట్టావు, దొంగల భయం. ఇంకో దుకాణం తెరిచావు, నౌకర్ల మీద అనుమానం. పైకం పెరిగిన కొద్దీ నీ పరేషాన్ పెరిగిందే గాని, తగ్గగా నేను చూడలేదు...

పైసలు అక్కర్లేదని నేననను. గడ్డి ధర పెరిగితే నాకూ గుండె దడే. గుర్రానికి ఉలవలు పెట్టి మేం గంజి తాగిన రోజులున్నాయి. నా గుర్రం చచ్చినప్పుడు కొత్తదానికి పైకం నువ్వే ఇచ్చావు. అది దాచను. ఇస్తూ ఇస్తూ కూడా "పిచ్చోడివైనా తోడబుట్టినోడివి గద" అన్నావు. అదీ దాచను.

ఇప్పుడు అసలు సంగతి విను.

పెత్రమాస వస్తోంది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టడం మన ఇంటి రివాజు. నాయినకు తలకాయ కూర, కల్లు. అవ్వకు సర్వపిండి. ఏడాది నిండింది గనుక ఈ ఏడు నీకు మొదటిసారి పెట్టాలి. బావకేమిష్టమో చెప్పు, వండుతాను అంది నీ మరదలు.

నాకే తెలియదు అన్నా.

మారేడ్‌పల్లి పోయి వదినను అడిగాను. ఆమె ఉప్పు ఎక్కువైనా తక్కువైనా నువ్వు ఏనాడూ అనలేదంది... తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. నీ కొడుకు రాములును అడిగాను. నాయిన దుకాణంలో నిలబడే తినేవాడు, ఏం తినేవాడో చూడలేదన్నాడు. లగ్గాల్లో కూడా బంతిలో కూర్చున్నవాడివి సగంలో లేచేవాడివి. దుకాణం మీదే ధ్యాస. అదేందని నేనడిగితే ఏమన్నావు?

"కడుపుకేం ఎరుక తమ్మీ, ఏదేస్తే దాన్నే నూరుకుంటది."

చిన్నప్పుడు అవ్వ సర్వపిండి కాలిస్తే, కరకరలాడే అంచంతా విరుచుకుని పరుగెత్తేవాడివి. అది ఇష్టమా, ఆకలా? అప్పుడు మనకు ఆ రెండూ ఒకటే గద...

నేను పోతే నీ మరదలికి ఎవర్నీ అడిగే పని లేదు. పాయా, గోంగూర మాంసం, ఎండుచేపల పులుసు, ముంత కల్లు, ఇరానీ చాయ్, దాంట్లో ముంచిన బన్ను. ఒక్క విస్తరి చాలదని ఇప్పటినుంచే గొణుగుతోంది. నీలా నేను రాములుకు రాసిచ్చేది ఏమీ లేదు. అయినా సిగ్గుపడను. ఆ ముసలమ్మల నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. నీ చెవుల్లో ఆ రోజుది ఏం మిగిలింది అన్నా, తాళం చప్పుడా?

పెత్రమాసనాడు రెండు దుకాణాలూ మూయమని రాములుతో చెప్పాను. గొణిగాడు, ఒప్పుకున్నాడు. తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి. ఈసారి సగంలో లేవడానికి నీకు సాకు లేదు.

నాకు చెప్పకపోతే వదినకైనా కలలో చెప్పు. పెత్రమాసనాడు పొద్దున పొయ్యి వెలిగించే వరకే గడువు. ఆలోపు జవాబు రాకపోతే నాకిష్టమైనవే వండించి నీ ముందు పెడతాను, కూర్చుని తినాలి.

తోడబుట్టినవాణ్ని అడుగుతున్నాను... నీకేమిష్టం?

పిచ్చి సాయిలు