శ్రమకాలంలో వదిలినది

పిస్కాటవే
జనవరి 18, 1982

ప్రియమైన దెబోరాకు,

ప్రభువు నామంలో వందనాలు. నర్సువి కాబట్టి తిడతావని తెలిసే రాస్తున్నాను. మావారు ఆరు నెలలుగా చైనాటౌన్‌లో కొన్న నల్ల మాత్రలు వేసుకుంటున్నారు. జిన్సెంగ్, ఇంకా ఏవేవో వేర్లు. ముసలితనాన్ని దగ్గరికి రానివ్వవట. పగలంతా మందుల కంపెనీలో ఉద్యోగం, ఇంటికొస్తే చైనా మందు. ఏమాటకామాటే చెప్పాలి, మోకాళ్ల నొప్పులు పోయాయి. అరవై ఏళ్లకి బుగ్గలొచ్చాయి. మొన్న ఇంటిముందు పడ్డ మంచు అంతా ఒక్కరే తవ్వి, "వసంతా, పక్కవాళ్ల డ్రైవ్‌వే కూడా క్లీన్ చేసెయ్యనా?" అన్నారు. క్రిస్మస్ ఫొటో పంపుతున్నాను. చూసి కుళ్లుకో.

నీ వసంతకుమారి

శాన్‌ఫ్రాన్సిస్కో
ఫిబ్రవరి 26

ప్రియమైన వసంతా,

నీ ఉత్తరం చదివి నవ్వి పక్కన పెట్టాను. ఈ వారం మా వార్డ్‌లో ఇద్దరు పెద్దవాళ్లు అడ్మిట్ అయ్యారు. ఇద్దరూ అలాంటి నల్ల మాత్రలే వాడారు. ల్యాబ్‌లో చూస్తే వేర్లతోపాటు స్టెరాయిడ్ కలిపి ఉంది. వేర్లను నేను తప్పుపట్టను. మా చైనా డాక్టర్‌గారి అమ్మ ఎనభై దాటినా రోజూ వేర్ల సూప్ తాగి నిక్షేపంలా ఉంది. ఈ సీసాలంటేనే నాకు భయం.

ఇంటికెళ్లి మళ్లీ నీ ఫొటో తీశాను. అన్నయ్యగారివి బుగ్గలు కావు వసంతా, అది వాపు. వెంటనే డాక్టర్‌కి చూపించు. మాత్రలు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. నెలల తరబడి వాడి ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. మెల్లగా తగ్గించాలి.

ఫొటోలో నీ ముఖం కూడా గుండ్రంగానే ఉంది. నువ్వూ వేసుకుంటున్నావా? ఫోన్ చేస్తే అన్నయ్యగారే ఎత్తి జోకులేస్తున్నారు, అందుకే రాస్తున్నాను. నిజం చెప్పు.

నీ దెబోరా

పిస్కాటవే
మార్చి 8

ప్రియమైన దెబోరాకు,

నువ్వు దేవుడు పంపిన మనిషివి. టెస్టుల్లో నువ్వన్నదే తేలింది. డాక్టర్ ఈయనకి కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఇక భయం లేదన్నారు.

నా బుగ్గలా? అవి చర్చి విందు భోజనాలవి. నా గురించి బెంగపెట్టుకోకు. శ్రమకాలం కదా, ఈస్టర్ దాకా ఉపవాసం ఉంటున్నాను. మొదటి రోజే, భస్మ బుధవారం నాడు, ఒకటి వదిలేస్తానని ప్రభువుకు మాటిచ్చాను. ఏమిటని అడక్కు, ఈయనకే చెప్పలేదు. వదిలింది బయటికి చెబితే ఫలం ఉండదని మా నాన్నగారనేవారు. నీ ఉత్తరం వచ్చేసరికే వదిలేసి వారమైంది. మాటిచ్చాక మళ్లీ ముట్టుకోవడం ఏం బాగుంటుంది? కాస్త నీరసం, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నిన్న రెండుసార్లు వాంతి అయింది. ఉపవాసమన్నాక ఆ మాత్రం ఉంటుంది. ఈస్టర్‌కి మళ్లీ మామూలు మనిషినవుతాను.

నీ వసంతకుమారి

పిస్కాటవే
మార్చి 24

చెల్లెమ్మ దెబోరాకు,

ఫోన్‌లో ఏడవడమే తప్ప ఏమీ చెప్పలేకపోయాను. పోయిన బుధవారం వసంత వంటింట్లో పడిపోయింది. హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికి బీపీ అందడం లేదు. తెల్లారకముందే వెళ్లిపోయింది. శనివారం సమాధి చేశాం. మా పాస్టర్ దైవాశీర్వాదంగారు ప్రార్థన చేశారు.

నిన్న ఆమె బట్టలు సర్దుతుంటే చర్చికి తీసుకెళ్లే హ్యాండ్‌బ్యాగ్‌లో నల్ల మాత్రల సీసా దొరికింది. సగం అలాగే ఉంది. నా పక్కన తాను ముసలిదైపోతున్నానని ఒకసారి అంది. నేను నవ్వేశాను. అప్పట్నుంచే వేసుకుందో ఏమో. ఎందుకు ఆపిందో, ఎప్పుడు ఆపిందో నాకు తెలియదు. నీకేమైనా రాసిందా?

ఆ రోజు ఎమర్జెన్సీ డాక్టర్ ఒక్కటే ప్రశ్న అడిగారు, మీ ఆవిడ ఏం మందులు వాడుతున్నారని. ఏ మందూ లేదు, ఆమెది మంచి ఆరోగ్యం అని నేనే చెప్పాను, చెల్లెమ్మా.

సత్యానందం