అమ్మ కట్టిన ముడి

నాన్నా,

ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. నిన్న మళ్లీ నువ్వు పోయిన రోజు వచ్చింది. తమ్ముడు మంచం, పొయ్యి ఉన్న వ్యాను అద్దెకు తెచ్చాడు. చాతం రేవులో బండ్లు దాటించే ఫెర్రీ ఎక్కించి, అవతలి ఒడ్డున ఇసుక పక్కన ఆపాడు. దిగగానే అమ్మ తాడుతో వ్యానుని చెట్టుకి కట్టేసింది.

“అరే అమ్మా, ఇది బోటు కాదు. హ్యాండ్‌బ్రేక్ వేశాను!” అని తమ్ముడు నవ్వాడు.

“ఏసినావులేరా. కెరటానికి నీ బ్రేకేటి తెలుస్తాది?”

మన పడవ ఒడ్డుకు చేరగానే కట్టడం అమ్మ పని, వేటకి వెళ్లేటప్పుడు విప్పడం నీ పని. ఒక్కరోజు అమ్మ కట్టడం మరిచిపోయింది. కొట్టుకుపోతున్న పడవ కోసం నువ్వు ఈదుకుంటూ వెళ్లావు.

ఇప్పుడు తెల్లారింది, బయల్దేరాలి. తాడు కోసేద్దామంటాడు తమ్ముడు. అమ్మ కోయనివ్వడం లేదు. తడిసి బిగుసుకున్న ముడిని గోళ్లతో విప్పుతూనే ఉంది.