సుశీలమ్మ కంటే ముందే

జూన్ 2, సోమవారం. ఉదయం 6.10
ఈ రోజు నుంచి ఒకటే నియమం. చేగుంట కంటి దవాఖానకు నేను రాసిచ్చిన టోకెన్ యాప్ నెమ్మదిస్తే, ఆ సంగతి అందరికంటే ముందు నాకే తెలియాలి! అందరూ అంటే, అక్కడ కౌంటర్లో కూర్చునే సుశీలమ్మ. పోయిన నెల తొమ్మిదిసార్లు ఆమే ముందు.
యాప్ నడిచేది ఎక్కడో క్లౌడ్‌లో. నేనుండేది మెదక్‌లో. అయితేనేం? పేజీ తెరుచుకోవడానికి సెకను దాటితే ఫోన్ మోగేలా అలర్టు పెట్టాను. హాల్లో టీవీకి యాప్ వేగం చూపే ఆరు గ్రాఫులు ఎక్కించాను. కంట్రోల్ రూమే!

సాయంత్రం 5.00
అలర్టులు: 212. అసలు సమస్యలు: 0.
మొదటి రోజు కదా.

జూన్ 4, బుధవారం
సెకను మరీ అత్యాశ. మూడు చేశాను. అయినా అన్నం తింటుండగా పదకొండు అలర్టులు.
నా భార్య పెర్సిస్: "గా ఫోన్ మోగితె ఉరుకుతరు గని, పాలు పొంగుతుంటె జూడరా?"
పాలకు అలర్టు పెట్టలేదు మరి!

జూన్ 8, ఆదివారం
చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఫోన్ మోగింది. ఏడుసార్లు. బయటికొచ్చాక పాస్టర్ సొలొమోను గారు చేయి పట్టుకున్నారు. "విక్టర్, దేవుడు గూడ గిన్నిసార్లు పిలువడయ్యా!"
పది సెకన్లు చేశాను. సౌండ్ కూడా తీసేశాను. టీవీలో చూస్తూనే ఉంటాను కదా.

జూన్ 10, మంగళవారం
టీవీలో పెర్సిస్ సీరియల్ వస్తోంది.
అసలు నేనెందుకు చూడాలి? ప్రొఫైలర్ పెడితే సరి. కోడ్‌లో ఏ లైను ఎంత సమయం తింటోందో అదే రాసి పెడుతుంది. అన్ని లైన్లకూ, అన్ని క్లిక్కులకూ పెట్టేశాను. ఇక నిశ్చింత.

జూన్ 11, బుధవారం. 10.40
సుశీలమ్మ ఫోన్.
"సార్, టోకెన్ ఒత్తితె తిర్గుతనే ఉంది. నలభై మంది కూసున్నరు. టేక్మాల్ కెల్లి ఐలవ్వ వచ్చింది, నిన్ననే ఆపరేషన్ అయింది, ఇయ్యాల కట్టు ఇప్పాలె. జర జూడుండ్రి."
"నెట్ ప్రాబ్లమేమో సుశీలమ్మా."
"నెట్ మంచిగనే ఉంది సార్. ఫోన్ల పాటలు ఆడుతున్నయి."

11.25
దొరికింది! సర్వర్ బలంలో నూటికి డెబ్బై పాళ్లు ఒక్కటే మింగుతోంది. నా ప్రొఫైలరే. ఆపేశాను. యాప్ లేడిపిల్లలా పరుగెత్తింది.
కట్టుతో కూర్చున్న ఐలవ్వే కళ్ల ముందు మెదిలింది. సుశీలమ్మకు ఫోన్ చేశాను.
"గామెనా? ఎప్పుడో చీటి మీద పేరు రాసి లోపలికి తోలిన సార్. కట్టు ఇప్పిండ్రు. గోడ మీది గడియారం జూసి టైమెంతో నాకే చెప్తుంది!"
అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తప్పు నాదే సుశీలమ్మా. యాప్‌ను కనిపెట్టుకుని ఉంటదని పెట్టిన దాంతోనే యాప్ ఆగింది."
"అంటే... మీరు చూసుడు బంద్ జేస్తె నడుస్తదా సార్?"

జూన్ 12, గురువారం
అలర్టులన్నీ తీసేశాను. ఒక్కటే ఉంచాను: ఐదు నిమిషాలు టోకెన్ కదలకపోతే మోగాలి.
9.15. సుశీలమ్మ ఫోన్! మళ్లీ ఆగిందనుకున్నాను.
"ఏం లేదు సార్. ఇయ్యాల మస్తు నడుస్తుంది. చెప్దామని జేసిన."
అప్పటికి నేనింకా చూడనేలేదు. ఇవాళా ఆమే ముందు.
రేపటి నుంచి మళ్లీ చూడటం మొదలు. ఈసారి టిఫిన్ తిన్నాక.