తీగ మీద చీరలు

బర్కా, 1991 జనవరి, గురువారం రాత్రి

కువైట్ యుద్ధం మన దాకా రాదని మా ఆయన అంటూనే, శనివారం మన ఊరెళ్లే విమానానికి నాకూ పాపకూ మాత్రం టిక్కెట్లు తెచ్చారు. కంపెనీ క్యాంపులో ఉండే పనివాళ్లెవరికీ చెప్పొద్దన్నారు.

సాయంత్రం పాపకు స్కూలు పాఠం చెప్పాను. డెన్మార్క్ రాజు కథ. జర్మన్లు దేశాన్ని ఆక్రమించుకున్నా ఆ ముసలాయన పారిపోలేదట. కాపలా లేకుండా రోజూ గుర్రమెక్కి వీధుల్లో తిరిగేవాడట. ఆయన కనబడితే జనానికి ధైర్యం. ఒకరోజు గుర్రం మీంచి పడ్డాడు, సవారీ ఆగిపోయింది.

"అప్పుడు జనం ఏం చేశారమ్మా?" అంది పాప.

పాఠంలో లేదన్నాను.

అంతలో మా ఆయన దగ్గర పనిచేసే కరీంనగర్ మేస్త్రీ మల్లేశం గ్యాస్ బండ తెచ్చాడు. వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"రోజు పొద్దుగాల మీ డాబా దిక్కే చూస్తమమ్మా. మీ చీరలు, పాప బట్టలు తీగ మీద ఉంటే, సార్ వాళ్లు ఈడనే ఉన్నరని డ్యూటీకి పోతం. మా పాస్‌పోర్టులు కంపెనీల ఉన్నయ్. మేమెటు పోతం?"

నవ్వి తలుపేశాను.

ఉతకడానికి ఏమీ మిగల్లేదు, అన్నీ పెట్టెలో సర్దేశాను. అందులోంచే రెండు చీరలు, పాప గౌను తీసి, తడిపి, డాబా మీద ఆరేసి వచ్చాను.

ఆయన చూశారు. "శనివారం వెళ్లేటప్పుడు అవి తియ్యకు" అన్నారు.

యుద్ధం సంగతేమో గాని, నాకిప్పుడు ఆదివారం పొద్దుటి భయం పట్టుకుంది. మల్లేశం తలెత్తి చూస్తాడు. చీరలుంటాయి. నిశ్చింతగా డ్యూటీకి వెళ్తాడు.