అచ్చాయమ్మ వదిలిన నీళ్లు

భీమడోలు

తమ్ముడు ఈశ్వరప్రసాద్‌కి,

స్వామి దయవల్ల కులాసా. మోటారు కొంటానన్నావు గానీ, మన చేనుకి ఈసారి కార్బన్ సొమ్ము రాదు. వరిచేను మధ్యమధ్య ఆరగడితే భూమిని వేడెక్కించే వాయువు తగ్గుతుందని విదేశీ కంపెనీ ఇస్తానన్నదే అది. నేను పూజలో ఉండగా, పక్కచేను అచ్చాయమ్మ మన చేలో నెర్రెలు చూసి జాలిపడి నీళ్లు వదిలింది.

"జపంలో పడి చేను మర్చిపోయారండీ అక్కయ్యగారూ!" అంది పైగా.

ఇందులో చేరినవాళ్లందరి చేలకీ ఎప్పుడు నీళ్లు పెట్టిందీ, ఎప్పుడు ఆరగట్టిందీ పుస్తకంలో రాసేది నేనే కదా. అదీ రాశాను. కంపెనీ తరఫున తనిఖీకి వచ్చినాయన చదివి, "మీ చేను తప్పే రాశారంటే మిగతావన్నీ నమ్మొచ్చండీ" అని మిగతా అందరివీ ఒప్పుకున్నారు. గర్వం కూడదంటారు గానీ, ఆ పూట స్వామికి తలెత్తుకునే దణ్ణం పెట్టాను.

అచ్చాయమ్మనేమీ అనకు. సంగతి తెలిశాక, వచ్చే పంటకి తన పేరూ పుస్తకంలో రాసుకోమంది. మొదటి పేజీలోనే రాశాను.

మీ పెద్దక్క