టీ మధ్యలో నిద్రపోయిన మంత్రి

చెల్లీ లెహ్దియా, కార్డు ముక్కలో ఏం పడుతుందిలే అని రాయడం మానేద్దామనుకున్నాను. కానీ నేను బాగున్నానని నీకు తెలియాలి కదా.

ముప్పై ఏళ్ళుగా ఓస్లోలో మన సహరావీల ప్రతినిధిని. పదకొండు నెలలు తిరిగితే ఇవాళ ఇక్కడి మంత్రి మా ఇంటికే వచ్చాడు. పరాయి పాలనలో ఉన్న మన ఎడారి నేల గురించి సభలో ఒక్క మాట అనమని కోరుతూ కాగితం రాసి పెట్టుకున్నాను. మనకు మూడు గ్లాసుల టీ అయ్యాకే కదా పని మాట! రెండో గ్లాసుకే ఆయన దిండుకు ఒరిగి నిద్రపోయాడు.

"లేపండి పెద్దాయనా, అవతల ఇంకో సమావేశం ఉంది!" అంది ఆయన కార్యదర్శి.

"నిద్రపోయిన అతిథిని లేపితే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తిడుతుంది తల్లీ. నువ్వూ ఓ గ్లాసు తాగు," అన్నాను.

బయట వాన. ఆ చప్పుడు గుడారం గుడ్డ మీద గాలిలా వినిపించి, ఊరంతా మెల్లగా ఇసుకలోకి జారిపోయింది. అమ్మ మేకల్ని పిలుస్తోంది. నేను కళ్ళు తెరిచేసరికి వాన వెలిసింది, మంత్రి వెళ్ళిపోయాడు, కాగితం టీ పళ్ళెంలోనే ఉంది.

మేక ఈనిందా? గుడారానికి కొత్త గుడ్డ వేశారా? ఎవరైనా వస్తుంటే టీ ఆకు పంపు, ఇక్కడిది గడ్డి. పిల్లల మీద దేవుడి చల్లని నీడ ఉండాలి.

నీ అన్న ఎంబారక్

మంత్రిగారు మరిచిపోయిన గొడుగు కోసం కార్యదర్శి ఇప్పుడే వచ్చింది. కాగితాన్ని గొడుగు మడతల్లో పెట్టి ఇచ్చాను.